తొండి అనే ఆరోపణ: వీడియో గేమ్ ప్రచురణ సంస్థపై ఆటగాళ్ల ఆగ్రహం – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
వీడియో గేములను నిర్మించి, కొని, అమ్మే పెద్ద సంస్థలపై ఆటగాళ్లకు ఉన్న ఆగ్రహాన్ని సాధారణంగా ధరల మీది అసంతృప్తిగానో, యువతరపు వ్యసన లక్షణంగానో చూడటం జరుగుతున్నది. ఆ ఆగ్రహంలో ఒక నైతిక వాదం ఉన్నదని, దానిని వ్యక్తం చేయగల ‘తొండి’ అనే మాట తెలుగువారి ఆటల భాషలో ముందునుంచే ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అమెరికాకు చెందిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ వ్యాపార పద్ధతులపై రేగిన వివాదాలు ఇందుకు ప్రధాన ఆధారం. మమకారం ఉన్నచోటనే లెక్క అడగడం ఉంటుందన్న అంశాన్ని వివరించడానికి భద్రాచల రామదాసు కీర్తనను పోలికగా స్వీకరించడమైనది.

కీలకపదాలు: తొండి, ఆట నీతి, వీడియో గేమ్, ప్రచురణ సంస్థ, లూట్ బాక్స్, రామదాసు, నింద.

1. ఉపోద్ఘాతం:
ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో పొలాలు క్రమంగా అడవికి చోటిస్తాయి. ఈ అడవి అంచున ఉన్న డిగ్రీ కళాశాలల్లో చదివే విద్యార్థుల్లో చాలామంది తమ ఇంట తొలితరం చదువరులు. వారి తల్లిదండ్రులు మిరప కోతలకు కూలికి వెళతారు. వేసవిలో తునికాకు సేకరిస్తారు. ఆ పిల్లలకు చేతిలోని ఫోనే గ్రంథాలయం, సినిమాహాలు, ఆటస్థలం.

ఈ ప్రాంతంలో తెలుగు బోధిస్తున్న నేను ఒకనాడు జానపద క్రీడల పాఠంలో ‘తొండి’ అనే మాటను వివరిస్తున్నాను. చింతగింజల నుంచో గోలీల నుంచో ఉదాహరణలు వస్తాయని ఆశించాను. ఒక విద్యార్థి తన ఫోనులోని తుపాకుల ఆటను ఉదాహరణగా చెప్పాడు. నెలల తరబడి రాత్రులు ఆడి సంపాదించుకున్న ఆయుధం, డబ్బు పెట్టి కొనే కొత్త ఆయుధం రాగానే ఎందుకూ పనికిరాకుండా పోయిందట. ఎదుటివాడు తనకంటే బాగా ఆడి గెలిస్తే బాధ లేదని, ఆట పెట్టినవాడే తొండి చేశాడని అతని అభియోగం. తరగతి మొత్తం నవ్వింది; నేనూ నవ్వి పాఠం కొనసాగించాను. ఆ నవ్వు తొందరపాటని తరువాత తోచింది. అతడు ఆ మాటను సరైన అర్థంలోనే వాడాడు. పైగా తొండి చేసేవాడు తోటి ఆటగాడే అని నేను చెప్పిన నిర్వచనాన్ని సరిదిద్దాడు.

ప్రబలమైన ఒక ప్రచురణ సంస్థపై ఆటగాళ్లు ఎందుకు ఆగ్రహిస్తున్నారు? ఆ ఆగ్రహానికి సాహిత్య విమర్శ ఏ పేరు పెట్టగలదు? ఈ రెండు ప్రశ్నలను ఆ విద్యార్థి మాట వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. తొండి: ఆట నీతికి చెందిన మాట:
తెలుగు పిల్లల ఆటల్లో ఓటమికి ఒక మాట, అన్యాయానికి వేరొక మాట ఉన్నాయి. ఓడినవాడు ఓడానని ఒప్పుకుంటాడు. ఎదుటివాడు నియమం తప్పినప్పుడు మాత్రమే ‘తొండి’ అని ఆట ఆపుతాడు. ఉక్రోషంతో ఎవరైనా ఓటమినే తొండి అంటే తక్కిన పిల్లలు ఒప్పుకోరు. అంటే ఈ మాట వెనుక అందరూ అంగీకరించిన ఒక ప్రమాణం ఉన్నది.

ఆ ప్రమాణం సమానత్వం అనుకోవడం సరికాదు. పులి-మేక ఆటలో రెండు పక్షాలకూ సమాన బలం ఉండదు. పులులు మూడో నాలుగో. మేకలు చాలా ఎక్కువ. పులి మేకను దూకి చంపగలదు. మేక పులిని చంపలేదు, కదలకుండా కట్టివేయగలదు. అయినా ఆ ఆటను ఎవరూ తొండి అనరు. వైకుంఠపాళిలో గవ్వలు పడే తీరు ఆటగాడి చేతిలో ఉండదు. పెద్ద పాము నోట పడి కిందికి జారినవాడు అదృష్టాన్ని తిట్టుకుంటాడే గాని పటాన్ని తప్పుపట్టడు. కనుక అసమానత గాని, అదృష్టం గాని వాటంతట అవి తొండి కావు.

ఈ ఆటల స్వభావాన్ని బట్టి ఆట నీతికి మూడు సూత్రాలను గుర్తించవచ్చు. మొదటిది, నియమాలు ఆటకు ముందే ఇరుపక్షాలకూ తెలిసి ఉండాలి. రెండవది, ఆట నడుమ ఒకరి లాభం కోసం నియమం మారకూడదు. వైకుంఠపాళి ఆడుతుండగా నిచ్చెనను చెరిపి వేరొక గడిలో గీసే హక్కు ఎవరికీ లేదు. మూడవది, ఆటను ఏర్పాటు చేసినవాడు ఆటలో లాభపడే పక్షం కాకూడదు. మహాభారత సభాపర్వంలోని ద్యూతఘట్టం ఈ మూడవ సూత్రం తప్పిన సందర్భమే. సభ కట్టించినది, ఆటకు పిలిచినది, పందెం ఒడ్డినది ఒకే పక్షం. పాచికలు వేసినవాడు శకుని. ఒకరి తరఫున మరొకరు ఆడటం సరికాదని ధర్మరాజు అభ్యంతరం చెప్పాడు. చెప్పి కూడా ఆడాడు. ఆట పెట్టినవాడిపై ఆటగాడు చేసే ఫిర్యాదుకు మన సాహిత్యంలో ఇది పురాతనమైన ఉదాహరణ.

3. పుస్తక ప్రచురణ, ఆట ప్రచురణ:
వీడియో గేమ్ రంగంలో ‘ప్రచురణ సంస్థ’ అనే మాట పుస్తక రంగం నుంచి వచ్చింది. ఆటను రూపొందించే బృందాన్ని స్టూడియో అంటారు. రచయితతో దానిని పోల్చవచ్చు. పెట్టుబడి, ప్రచారం, పంపిణీ, హక్కులు ప్రచురణ సంస్థవి. ఈ పోలిక ఒక చోట ఆగిపోతుంది. మనం కొన్న పుస్తకంలోని పుటలను ప్రచురణకర్త మన ఇంటికి వచ్చి మార్చలేడు. ఆట ప్రచురణ సంస్థ మార్చగలదు. ఆట దాని సర్వర్లపై నడిచినంత కాలం నియమాలు, ధరలు, గెలుపు అవకాశాలు దాని అధీనంలోనే ఉంటాయి. సర్వర్లు ఆపితే ఆటే ఉండదు. ఫ్రాన్స్‌కు చెందిన యూబీసాఫ్ట్ 2014లో విడుదల చేసిన ‘ది క్రూ’ ఆట సర్వర్లను 2024 మార్చి చివర ఆపివేయడంతో, దానిని డబ్బిచ్చి కొన్నవారు సైతం ఆడలేకపోయారు. తరువాత ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ పేరిట సాగిన ఉద్యమంలో భాగంగా ఐరోపాలో చేపట్టిన పౌర వినతి 2025 జులైలో 10 లక్షల సంతకాలు దాటింది.

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ చరిత్ర ఈ సందర్భంలో గమనించదగినది. 1982లో ట్రిప్ హాకిన్స్ స్థాపించిన ఈ సంస్థ, ఆటల రూపకర్తలను కళాకారులుగా గౌరవిస్తామన్న మాటతో మొదలైంది. సంస్థ పేరులోనే ‘కళలు’ అన్న మాట ఉన్నది. తొలినాళ్ల ఆటల అట్టలపై సంగీత ఆల్బముల మీద వలె రూపకర్తల పేర్లు వేశారు. అదే సంస్థ తరువాతి దశాబ్దాల్లో పేరున్న స్టూడియోలను కొని, కొంతకాలానికి మూసివేసే సంస్థగా అపకీర్తి తెచ్చుకున్నది. బుల్‌ఫ్రాగ్, వెస్ట్‌వుడ్ స్టూడియోలు అలా కనుమరుగైనవే. ఈ సంస్థకు హైదరాబాదులోనూ కార్యాలయం ఉన్నది కనుక ఇది తెలుగు నేలకు పూర్తిగా పరాయి విషయం కాదు.

పోటీ విషయంలోనూ ఆటగాళ్లకు స్పష్టమైన ఫిర్యాదు ఉన్నది. 2004లో పోటీ సంస్థ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటను 20 డాలర్ల లోపు ధరకే విపణిలోకి తెచ్చింది. ఆ ఏడాది డిసెంబరులోనే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆ క్రీడా లీగు జట్ల, ఆటగాళ్ల పేర్లు వాడుకొనే హక్కును తనకు మాత్రమే దక్కేలా ఒప్పందం చేసుకున్నది. మెరుగైన ఆటతో పోటీదారును ఓడించడం వేరు; ఆ పటాన్ని మరెవరూ గీయకూడదని హక్కు కొనుక్కోవడం వేరు. ఆటగాళ్లు ఆక్షేపించినది ఈ రెండవదానిని.

4. 2017 నాటి వివాదం: గంటల లెక్క:
2017 నవంబరు 17న విడుదలైన ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2’ ఆట ఈ ఆగ్రహానికి ప్రసిద్ధ ఉదాహరణ. ఇందులో లూక్ స్కైవాకర్, డార్త్ వేడర్ వంటి ప్రధాన పాత్రలు ఆటగాడికి మొదట అందవు. ఒక్కొక్క పాత్రకు ఆటలో సంపాదించే 60,000 క్రెడిట్లు చెల్లించాలి. ఒక ఆటగాడు వేసిన లెక్క ప్రకారం అందుకు సుమారు 40 గంటలు ఆడాలి. ఇంకొకవైపు లూట్ బాక్సులు ఉన్నాయి. లూట్ బాక్స్ అంటే మూసి ఉన్న పెట్టె. లోపల ఏముందో కొన్న తరువాతనే తెలుస్తుంది. ఈ పెట్టెల్లో ఆటలో బలాన్ని పెంచే కార్డులు ఉంటాయి. నిజమైన డబ్బుతో పెట్టెలు కొన్నవారికి ఆ మేరకు పైచేయి. ఆట కొనడానికి ఒకసారి డబ్బు కట్టినవారినే ఆట లోపల మళ్లీ అడుగుతున్నారన్నది అభియోగం.

విమర్శ వెల్లువెత్తినప్పుడు సంస్థ ఇచ్చిన వివరణ అగ్నికి ఆజ్యమైంది. పాత్రలను కష్టపడి సాధించుకున్నప్పుడు ఆటగాళ్లకు గర్వం, ఏదో సాధించామన్న తృప్తి కలగాలన్నదే తమ ఉద్దేశమని సంస్థ చెప్పుకున్నది. రెడిట్‌లో వెలువడిన ఆ జవాబుకు 6 లక్షలకు పైగా వ్యతిరేక ఓట్లు పడ్డాయి. ఆ వేదికపై అంతటి వ్యతిరేకత పొందిన వ్యాఖ్యగా అది గిన్నిస్ రికార్డులకు ఎక్కింది. సంస్థ పాత్రల ధరను 75 శాతం తగ్గించింది. విడుదలకు ముందురోజు డబ్బుతో కొనే ఏర్పాటును తాత్కాలికంగా నిలిపివేసింది. 2018 మార్చిలో బలాన్ని డబ్బుతో కొనే వీలు లేకుండా పద్ధతినే మార్చింది.

ఈ వివాదంలో రెండు అంశాలు విమర్శకు ముఖ్యం. ఆటగాళ్లు తమ నష్టాన్ని డాలర్లలో మాత్రమే చెప్పలేదు, గంటల్లో చెప్పారు. శ్రమను కొలిచే మాట అది. ఇక సంస్థ తన సమాధానంలో సాధన అనే విలువను ఆశ్రయించింది. కాని అదే విలువను పక్క అంగడిలో డబ్బుకు అమ్ముతున్నది. పులి-మేకలో చాలా కష్టపడి పులిని కట్టినవాడి గర్వం నిజమైనదే. పక్కవాడికి డబ్బిచ్చి ఒక పులిని పటం మీదినుంచి తీసివేయించుకొనే వీలుంటే ఆ గర్వానికి అర్థం ఉండదు. సంస్థ చెప్పిన ఆదర్శాన్ని ఆటగాళ్లు కాదనలేదు; ఆ ఆదర్శం ప్రకారమే సంస్థను నిలదీశారు.

ఇదే సంస్థకు చెందిన ఫుట్‌బాల్ ఆటల్లోని ‘అల్టిమేట్ టీమ్’ పద్ధతిలో రెండవ సూత్రం మరింత స్పష్టంగా దెబ్బతింటుంది. ఏడాది పొడవునా ఆడి, ప్యాకెట్లు కొని కూర్చుకున్న జట్టు, మరుసటి ఏడాది కొత్త ఆట రాగానే అందులోకి రాదు. ఆటగాడు మళ్లీ మొదటి గడిలో నిలబడాలి. వైకుంఠపాళిలో పాము మింగితే కిందికి జారుతాం. ఇక్కడ క్యాలెండరే పాము. ఆట అమ్మకం తరువాత వచ్చే ఇటువంటి రాబడే ఇప్పుడు ఈ సంస్థ మొత్తం ఆదాయంలో సగానికి మించినదన్నది గమనిస్తే, మూడవ సూత్రం ఎందుకు నిలవదో అర్థమవుతుంది. ఆటగాడు చాలనుకొని ఆగితే సంస్థకు నష్టం. ఆటను ఏర్పాటు చేసినవాడు ఆటలో పక్షమైపోయాడు.

5. చట్టం అడిగే ప్రశ్న, ఆటగాడు అడిగే ప్రశ్న:
ప్రభుత్వాలు ఈ సమస్యను జూదం అనే కోణంలో చూశాయి. 2018 ఏప్రిల్‌లో బెల్జియం జూద నియంత్రణ సంఘం కొన్ని ఆటల్లోని లూట్ బాక్సులు తమ జూద చట్టానికి విరుద్ధమని తేల్చింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2019 జనవరిలో ఆ దేశంలో తన ఫుట్‌బాల్ ఆట పాయింట్ల అమ్మకం ఆపివేసింది. నెదర్లాండ్స్‌లో అధికారులు ఇదే సంస్థపై 1 కోటి యూరోల జరిమానా విధించగా, 2022 మార్చిలో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం దానిని కొట్టివేసింది. ప్యాకెట్లు ప్రత్యేకమైన ఆట కావని, నైపుణ్యంతో ఆడే పెద్ద ఆటలో అవి భాగమని ఆ తీర్పు సారాంశం.

మన దేశంలోనూ చర్చ జూదం చుట్టూనే సాగింది. తెలంగాణ 2017లో తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ వంటి డబ్బు ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, తిరిగి లాభం వస్తుందన్న ఆశతో డబ్బు కట్టి ఆడే ఆటలను దేశమంతటా నిషేధిస్తూ ఈ-స్పోర్ట్స్‌ను, సామాజిక ఆటలను వేరుచేసి చూసింది.

ఈ చట్టాల అవసరాన్ని కాదనలేం. పందెపు ఆటల అప్పులు ఎన్ని కుటుంబాలను కూల్చాయో తెలుగు రాష్ట్రాలకు తెలుసు. కాని మా తరగతిలోని విద్యార్థి జూదం ఆడలేదు. డబ్బు గెలవాలని ఆశించలేదు. అతని అభియోగం ఏ జూద చట్టానికీ అందదు. నెదర్లాండ్స్ తీర్పు ఈ వ్యత్యాసాన్నే చూపుతుంది. ఒక ఆట జూదం కాదని న్యాయస్థానం తేల్చిన తరువాత కూడా అది తొండి అవునా కాదా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

6. మమకారం, లెక్క, నింద: రామదాసు కీర్తన వెలుగులో:
ఇంతగా బాధపడేవారు ఆట మానేయవచ్చు కదా అన్నది తరచుగా వినిపించే ప్రశ్న. దీనికి సమాధానం ఈ ప్రాంతపు సాహిత్యంలోనే దొరుకుతుంది.

నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారై, వసూలైన పన్ను సొమ్ముతో భద్రాచలంలో రామాలయం నిర్మించి, అబుల్ హసన్ కుతుబ్‌షా కాలంలో గోల్కొండ చెరసాలలో మగ్గిన కథ తెలుగువారందరికీ తెలిసినదే. ‘ఇక్ష్వాకుకులతిలక’ కీర్తనలో ఆయన రాముని ముందు ఒక లెక్క పెడతాడు. ప్రాకారాలకు, భరతుని పతకానికి, శత్రుఘ్నుని మొలత్రాటికి, లక్ష్మణుని ముత్యాల పతకానికి, సీతమ్మ పతకానికి ఎంతెంత ఖర్చయిందో వివరంగా చెబుతాడు. ఈ నగలు నీ తండ్రి పెట్టాడా, నీ మామ పంపాడా అని ఎత్తిపొడుస్తాడు. చివరికి, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, నొచ్చుకోవద్దని వేడుకుంటాడు.

దీనిని నిందాస్తుతి అనడం పరిపాటి. అలంకారశాస్త్రంలోని వ్యాజస్తుతికి దీనికి భేదం ఉన్నది. వ్యాజస్తుతిలో నింద పైపూత; లోపలిది స్తుతి. రామదాసు నింద పైపూత కాదు. ఒళ్లు నొప్పితో చేసిన నిజమైన నింద అది. అయినా ఆయన భక్తి మానలేదు, వేరొక దైవాన్ని వెతుక్కోలేదు. తనను తాను వెచ్చించుకున్న చోటనే లెక్క అడిగాడు. మమకారం లేనివాడు లెక్క అడగడు, లేచిపోతాడు.

దేవునికీ వ్యాపార సంస్థకూ పోలిక లేదు. భక్తికీ వినోదానికీ పోలిక లేదు. ఇక్కడ పోల్చినది నింద చేసేవాని స్థితిని మాత్రమే. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ను అమెరికాకు చెందిన ఒక వినియోగదారుల వెబ్‌సైట్ పాఠకులు 2012, 2013 సంవత్సరాల్లో వరుసగా దేశంలోకెల్లా చెడ్డ సంస్థగా ఎన్నుకున్నారు. రెండుసార్లూ తుదిపోరులో ఓడినది ఒక పెద్ద బ్యాంకు. ఎందరో ఇళ్లు పోగొట్టుకున్న ఆర్థిక సంక్షోభం ఇంకా మరపునకు రాని కాలమది. ఆటల సంస్థ బ్యాంకుకంటే హీనమనడం వింతగా కనిపించవచ్చు. కాని బ్యాంకును ఎవరూ ప్రేమించలేదు. బాల్యంలో ఆడిన ఆటలను, వాటిని చేసిన స్టూడియోలను జనం ప్రేమించారు. ఆ ఓట్లు కొలిచినది నష్టాన్ని కాదు, మమకారానికి తగిలిన దెబ్బను.

పోలికలో మరొక కోణమూ ఉన్నది. రామదాసు ఖర్చుపెట్టినది సర్కారు సొమ్ము. ఆయన అడిగిన లెక్క వెనుక ఆయన చెప్పవలసిన లెక్క ఒకటి ఉన్నది. మా విద్యార్థులు ఖర్చుపెట్టేదీ తమ సొమ్ము కాదు. తునికాకు కల్లంలో 50 ఆకులు ఒక కట్ట. కట్టకు ఇంత అన్న ధర కోతకు ముందే తెలుస్తుంది. ఆ ధర పెంచాలని ఈ అడవిలో పోరాటాలు జరిగాయంటే, అది కళ్లకు కనిపించే లెక్క కావడం వల్లనే. ఆ కట్టల కూలి ఫోనులోకి వెళ్లి రూపాయి రూపం కోల్పోయి వజ్రాలు, నాణేలు, పెట్టెలుగా మారుతుంది. ఒక పెట్టె అమ్మ ఏరిన ఎన్ని కట్టలతో సమానమో లెక్కించుకొనే వీలు ఆ మారకంలో పోతుంది. ఆటగాడు తన గంటల లెక్క అడగవచ్చు, అడగాలి. అమ్మ కట్టల లెక్క అతడు చెప్పవలసినది.

7. ఆగ్రహానికి హద్దులు:
సంస్థల పక్షాన చెప్పదగిన మాటలూ ఉన్నాయి. పెద్ద ఆటల నిర్మాణానికి వందలమంది ఏళ్ల తరబడి పనిచేస్తారు; ఉచితంగా దొరికే ఆట ఎక్కడో ఒకచోట రాబడి వెతుక్కోక తప్పదు. వేషధారణ వంటి అలంకారాలను మాత్రమే అమ్మే ఆటలపై ఆటగాళ్ల అభ్యంతరం అంత తీవ్రంగా లేకపోవడం గమనార్హం. దీనిని బట్టి వారి ఆగ్రహం వ్యాపారం మీద కాదని, ఆట బలాన్ని అమ్మడం మీదనేనని తెలుస్తుంది.

ఆగ్రహం దారి తప్పిన సందర్భాలూ తక్కువేమీ కావు. ధరలు నిర్ణయించని కళాకారులను, ప్రోగ్రామర్లను దూషించడం, బెదిరించడం ఈ రంగంలో తరచుగా జరుగుతున్నది. రామదాసు నింద ఎవరిని చేరాలో వారినే చేరింది. గుడి కట్టిన శిల్పులను ఆయన తిట్టలేదు. ఈ వివేకం లోపించినప్పుడు న్యాయమైన అభియోగం సైతం బలహీనపడుతుంది.

8. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ఆటగాళ్ల ఆగ్రహానికి మూలం ధర గాని, ఓటమి గాని కాదు. తాము వెచ్చించిన కాలాన్ని, శ్రమను ఆట పెట్టినవాడే విలువలేనిదిగా చేయడం దానికి మూలం. జూదం అనే చట్టపరమైన మాట ఈ అన్యాయంలో కొంత భాగాన్ని మాత్రమే పట్టుకోగలదు. తొండి అనే మాట మొత్తాన్ని పట్టుకుంటుంది. అయితే ఇద్దరు ఆటగాళ్ల మధ్య పుట్టిన ఆ మాటను ఆటను నిర్వహించే సంస్థకు కూడా వర్తించేలా విస్తరించవలసి ఉన్నది. ఆ విస్తరణను విద్యార్థులు తమ వాడుకలో ఇప్పటికే చేశారు.

జానపద క్రీడలను అంతరించినవిగా భావించి జాబితాలు తయారుచేయడంతో మన పరిశోధన చాలావరకు ఆగిపోతున్నది. ఆ ఆటలు పోయినచోట కూడా వాటి నీతి పదజాలం పిల్లల నోట బ్రతికే ఉన్నది. ఫోను ఆటల చుట్టూ తెలుగు యువత వాడుతున్న భాషను సేకరించడం, ఆ ఆటల ఒప్పంద పత్రాలను తరగతిలో ఒక పాఠ్యంగా చదివించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పనులు. ఈసారి జానపద క్రీడల పాఠం చెప్పేటప్పుడు తొండికి మొదటి ఉదాహరణగా ఆ విద్యార్థి చెప్పినదానినే తీసుకోవాలని అనుకుంటున్నాను.